తెడ్డు మీద కోసిన కార్డులు

మా తమ్ముడు నా క్రెడిట్ కార్డులు కోసిన రోజు, మూడో కార్డుతో పాటు నా అరచెయ్యి కూడా కోశాడు. కావాలని కాదు. కార్డు జారకుండా నేను తెడ్డు మీద అదిమి పట్టుకున్నాను. వాడు వల కోసే కత్తిని కసికొద్దీ లాగాడు. నెత్తురు తెడ్డు మీద నుంచి ఇసుకలోకి కారింది. నేను రెండో చేత్తో వాడి చెంప పగలగొట్టాను. వాడు నన్ను బూతులు తిట్టాడు. చుట్టూ కూర్చున్న ఊరిపెద్దలు మా ఇద్దరినీ విడదీసి, "అయిపోయింది లేమ్మా, నెత్తురు కూడా చూసినాయి గదా, ఇంక వాటికీ మీకూ పొత్తు లేదు" అన్నారు. ఆ మాట నేనూ నమ్మాను, వాడూ నమ్మాడు.

మాది వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. నేను నెల్లూరులో అద్దె గదిలో ఉంటూ ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పని చేస్తాను. పొద్దున లేస్తే ఊళ్ళోవాళ్ళ నెత్తురు తీయడమే నా ఉద్యోగం. మా ఇంట్లో నెలజీతం ఉన్నది నాకొక్కదానికే, కోపం మాత్రం అందరికీ ఉంది. మాట కంటే ముందు చెయ్యి లేవడం మాకు నాయన దగ్గర నుంచి వచ్చింది.

ఆ కార్డులు నేను అడిగి తీసుకున్నవి కావు. మొదటిది ఆసుపత్రి మెట్ల దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న కుర్రాళ్ళు ఒక బ్యాగు చేతిలో పెట్టి అంటగట్టారు. రెండోది జీతం పడే బ్యాంకు వాళ్ళు ఇంటికి పంపించారు. మూడోది మాతో పనిచేసే ఒకామె, కార్డులు అమ్మే వాళ్ళ అన్న ఉద్యోగం ఊడిపోతుందని ఏడిస్తే తీసుకున్నాను. ఒక్కటీ వాడలేదు. వాడకపోయినా లిమిట్ పెరిగిందని అప్పుడప్పుడు అభినందనలు వచ్చేవి. ఆ మెసేజీలు అమ్మకు చదివి వినిపించేదాన్ని. అమ్మ ఆ కార్డులకు కుంకుమ బొట్లు పెట్టి గంగమ్మ పటం వెనక దాచింది. "ముట్టుకోకుండా ఉండే సొమ్మే ఆడదానికి బలం" అనేది. నాకూ అదే గర్వం. అంత నమ్మకం పెట్టుకుంటే తప్ప అంత లిమిట్ ఇస్తారా అనుకునేదాన్ని.

వేసవిలో వేట నిషేధం మొదలైన కొత్తలో తమ్ముడి పడవ ఇంజను చచ్చిపోయింది. మెకానిక్కు దాన్ని విప్పి చూసి, మళ్ళీ మూత కూడా పెట్టకుండా వెళ్ళిపోయాడు. నిషేధం తీరి సముద్రం తెరిచేలోగా కొత్త ఇంజను రాకపోతే వాడితో వేటకు వచ్చేవాళ్ళు వేరే పడవ ఎక్కుతారు. ఊళ్ళో ఇంజనుకు సొమ్ము కావాలంటే ఒకటే గుమ్మం ఉంది, చేపలు కొనే సావుకారుది. ఆయన సొమ్ముతో సముద్రంలోకి దిగినవాడు మళ్ళీ నిషేధం వచ్చేదాకా పడ్డ చేపంతా ఆయనకే, ఆయన చెప్పిన ధరకే వేయాలి. మధ్యలో బాకీ తీర్చేస్తానన్నా తీసుకోడు.

ఆ గుమ్మం సంగతి మాకు బాగా తెలుసు. మా చిన్నతనంలో సావుకారు సొమ్ముతో పడవ కొన్న నాయన ఒక గంప కానాగంత చేపలు వాకాడులో అమ్ముకున్నాడని సావుకారు మనుషులు ఆయన్ని జుట్టు పట్టి ఇసుకలో ఈడ్చారు. నాయన తెడ్డుతోనే నాయన పక్కటెముకలు విరిచారు. ఇంట్లో కంచం ఆలస్యమైతే గోడకేసి కొట్టే మనిషి, వాళ్ళ ముందు మాత్రం రెండు చేతులూ కట్టుకుని నిలబడ్డాడు. ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టలేదు. అంత నెత్తురులోనూ "పడవ ఆయనది, పడవ ఆయనది" అంటూనే ఉన్నాడు. తమ్ముడు నా చెయ్యి పట్టుకుని అంతా చూశాడు. పెద్దయ్యాక వాడు ఎన్ని పస్తులున్నాడో గానీ ఆ గుమ్మం తొక్కలేదు.

అందుకని అప్పు నా పేరు మీద తీసుకుందామనుకున్నాం. నెల్లూరులో బ్యాంకుకు వెళ్ళి మూడు కార్డులూ మేనేజరు బల్ల మీద పరిచాను, నా పరపతి ఇదీ అని చూపించడానికి. ఆయన కంప్యూటర్లో నా వివరాలు చూసి పెదవి విరిచాడు.

"ఇవే అడ్డమమ్మా" అన్నాడు.

"వాడనే లేదండీ. పైసా బాకీ లేదు."

"ఇవాళ వాడలేదు. రేపు పొద్దున మూడూ ఒకేసారి గీకితే ఆపేదెవరు? అప్పుడు మీ జీతం వాటికే చాలదు. మేమిచ్చింది ఎట్లా కడతారు? అందుకే మా బ్యాంకులో లిమిట్ మొత్తాన్నీ చేతికొచ్చిన అప్పు కిందే చూస్తారు. జీతానికి తగ్గట్టు ఒక కార్డు ఉంటే మంచిదే. మీవి మూడూ కలిపితే తలకు మించిన బరువు. మూసేయించి రండి, చూద్దాం."

తినని అన్నానికి ఎంగిలి కడిగించినట్టుంది వ్యవహారం! ఊరికి వచ్చి, "ఆ కార్డులు లేకుండా చేసుకుంటే అప్పిస్తాడంట" అని తమ్ముడికి చెప్పాను. తమ్ముడు లేచి కత్తి తీసుకున్నాడు.

మా ఊళ్ళో పడవ మీద పొత్తు చెడితే ఒక పద్ధతి ఉంది. పెద్దలను పిలిచి, తెడ్డును అడ్డంగా పెట్టి, దాని మీద పడవ తాడు కోస్తారు. చెరో ముక్కా తీసుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత పాత లెక్క ఎత్తినవాడికి ఊరు తప్పు కింద జరిమానా వేస్తుంది. తాడు కోసిన తగువు మళ్ళీ లేచిందని మా ఊళ్ళో ఎవరూ వినలేదు. తమ్ముడు అదే పద్ధతిలో కార్డులు కోయించాడు. పెద్దలు కూడా గంభీరంగా కూర్చుని, ముక్కల్లో ఒక భాగం మాకిచ్చి, రెండో భాగం బ్యాంకు తరఫున సముద్రంలో వేయించారు. చదువుకున్నదానివి, నీకైనా తెలియదా అని తర్వాత నన్ను చాలామంది అడిగారు. తెలియదు! ఒంట్లో చక్కెర ఎంతుందో అడగండి, చెబుతాను. నేను పుట్టి పెరిగిన ఊళ్ళో కోస్తే తెగుతుంది, అంతే తెలుసు.

చేతికి కుట్లు విప్పించుకుని, మళ్ళీ ఆ మేనేజరు దగ్గరికి వెళ్ళాను. సముద్రం తెరవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఇంజన్లు అమ్మే కొట్టువాడితో తమ్ముడు మాట కూడా అనుకున్నాడు. మేనేజరు చూసి, "మూడూ అలాగే ఉన్నాయే" అన్నాడు. పెద్దల ముందు కోయించామని చెబితే, ముందు నవ్వాడు.

"ముక్కలు చేస్తే ప్లాస్టిక్ పోతుందమ్మా, లిమిట్ పోదు. ఆ కార్డులిచ్చిన వాళ్ళకు చెప్పి ఖాతాలు మూసేయించాలి. మూసినట్టు మీ రికార్డులోకి ఎక్కాలి. అదయ్యాక రండి."

"ఎప్పటికెక్కుతుంది?"

"వారాలు పట్టొచ్చు."

వారాలంటే సముద్రం తెరుచుకుని పోతుంది. ఆ నవ్వు మాత్రం నాకు ఇప్పటికీ కళ్ళలో కారం కొడుతుంది. బల్ల మీదున్న పెన్నుల డబ్బా, గాజు గ్లాసు ఒక్క ఊపున తోసేశాను. గ్లాసు పగిలి ఆయన కాళ్ళ దగ్గర పడింది. వాచ్‌మన్ వచ్చి నన్ను మోచేయి పట్టి బయటికి నెట్టాడు. కుట్లు విప్పిన చోట మళ్ళీ నెత్తురొచ్చింది.

బయట మెట్ల మీదే కూర్చుని మూడు చోట్లకూ ఫోన్ చేసి ఖాతాలు మూసేయమన్నాను. ఒకచోట ఎవరో అమ్మాయి తేనె పూసిన గొంతుతో, "మీరు మాకు విలువైన కస్టమర్, మూసేయకండి, లిమిట్ ఇంకా పెంచుతాం మేడమ్" అంది. "నీ లిమిట్‌ను పాడె మీద పెట్టుకో" అన్నాను. ఇంకా చాలా అన్నాను. "కాల్ రికార్డవుతోంది మేడమ్" అంది. "అవనీమ్మే! మీ వోళ్ళందరికీ వినిపించు" అని అరిచాను. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

సాయంత్రానికి ఊళ్ళో ఇల్లు చేరి జరిగింది చెప్పాను. తమ్ముడు మొత్తం విన్నాడు.

"ఫోన్ చేస్తే పొయ్యేదానికి, ఇన్నాళ్ళు ఏం జేస్తా ఉండావే?" అన్నాడు.

"కోస్తే పోతాదని ఎగిరింది నువ్వు కాదంట్రా?"

"నీకు సదువెందుకు మే, తగలబెట్టను!"

అంటూనే గోడకు ఆనించిన తెడ్డు తీసి నా వీపు మీద వేశాడు. ఊపిరి ఆగిపోయింది. నేను రోకలి అందుకుని వాడి మోకాలి మీద కొట్టాను. వాడు కూలబడి, పడుతూనే నా జడ పట్టి లాగాడు. అమ్మ అడ్డం వచ్చింది. ఎవరి దెబ్బో తెలియదు, ఆమె మోచేతి మీద పడింది. ఆమె కేకకు మేమిద్దరం ఆగాం. ఆమె ఆగలేదు. పొరక తీసుకుని, అది పుల్లలు పుల్లలుగా ఊడిపోయేదాకా ఇద్దరినీ బాదింది.

"మీరిద్దరూ ఒకరినొకరు చంపుకుంటే ఆ బ్యాంకోడు వొచ్చి ఏడస్తాడా? ఏడస్తాడా చెప్పండి!" అని అరిచి, చివరికి తనే ఏడ్చింది.

సముద్రం తెరిచే రోజు వచ్చింది. గంగమ్మకు పొంగళ్ళు పెట్టారు, పడవలకు పూలదండలు వేశారు. తమ్ముడి పడవకు కొత్త ఇంజను ఉంది. ఎక్కడిదని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సావుకారు గుమాస్తా దాని పక్కనే నిలబడి బీడీ కాలుస్తున్నాడు.

ఒక ఆదివారం నేను ఊళ్ళో ఉన్నాను. ఆ పొద్దున కానాగంతలు బాగా పడ్డాయి. నేను నెల్లూరుకు తీసుకుపోతానని తమ్ముడు ఒక చిన్న గంప పక్కకు తీశాడు, అంతే. గుమాస్తా వచ్చి గంపను కాలితో తన్నాడు. చేపలు ఇసుకలో దొర్లాయి. తర్వాత తమ్ముడి చెంప మీద కొట్టాడు. ఇంకోటి కొట్టాడు. పెదవి చిట్లింది.

తమ్ముడు చేతులు కట్టుకున్నాడు.

నేను తెడ్డు ఎత్తాను. ఆ గుమాస్తా తల రెండు చెక్కలు చేసేదాన్నే. కానీ నా మణికట్టు పట్టుకుని ఆపింది తమ్ముడే. ఎముక విరిగేలా పట్టుకున్నాడు.

"అక్కా, దించు. ఇంజను ఆయనది" అన్నాడు.

ఆ తర్వాతి వారంలోనే కార్డులు మూసేసినట్టు ఒకదాని వెనక ఒకటి మెసేజీలు వచ్చాయి. బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. ఇప్పుడు మీ రికార్డు బాగుంది, వచ్చి సంతకం పెడితే అప్పు ఇచ్చేస్తామన్నారు. గ్లాసు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను బస్సు దిగి నేరుగా ఒడ్డుకు వెళ్ళి ఆ మాట తమ్ముడికి చెప్పాను. వాడు పడవ నీడలో కూర్చుని వల కుడుతున్నాడు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు.

"ఇప్పుడు ఏం జేసుకునేదానికి? వొచ్చే నిషేధం దాకా ఆయన బాకీ తీసుకోడు గదా" అన్నాడు.

నేను అక్కడే నిలబడ్డాను. తిడతాడని, తెడ్డు తీసుకుంటాడని చాలాసేపు చూశాను. వాడు తల కూడా ఎత్తకుండా వల కుట్టుకుంటూనే ఉన్నాడు.