వరండాలో గుండ్రంగా కూర్చున్న తొమ్మిదో తరగతి

2016 జూన్‌లో ములుగు నుంచి బదిలీ మీద వరంగల్ వచ్చి, కొత్తవాడకు దగ్గరలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చేరాను. హోదా స్కూల్ అసిస్టెంట్, సాంఘిక శాస్త్రం. అంటే హైస్కూలు తరగతులకు ఒకే సబ్జెక్టు చెప్పే ఉపాధ్యాయురాలిని. తొమ్మిదో తరగతి బాధ్యత కూడా నాకే ఇచ్చారు. పిల్లలు ముప్పై నాలుగు మంది. సగానికి పైగా నేత ఇళ్ల వాళ్లు.

ఆ రోజుల్లో ఏడాది పొడుగునా జరిగే మూల్యాంకనంలో సబ్జెక్టుకు ఇరవై మార్కులు. అందులో ఐదు తరగతి చర్చలో పాల్గొన్నందుకు, ఐదు స్లిప్ టెస్టుకు. స్లిప్ టెస్టంటే ముందు చెప్పకుండా పెట్టే చిన్న పరీక్ష. ప్రశ్నలు నేను చదివేదాన్ని, పిల్లలు జవాబులు రాసేవారు. చర్చ మార్కులు చాలాచోట్ల చర్చ లేకుండానే పడిపోతాయి. నా తరగతిలో అలా పడేవి కావు.

నా చర్చకు ఒకటే నియమం. మాట్లాడదలచినవారు, తమకంటే ముందు మాట్లాడినవారు ఏమన్నారో ఒక్క వాక్యంలో చెప్పాలి. వారు ఔనన్నాకే సొంత మాట మొదలుపెట్టాలి. వినకపోతే వంతు పోతుంది కాబట్టి అరుపులు వాటంతట అవే తగ్గుతాయి. గదిలో బెంచీలు బరువైనవి, జరిపే చోటు లేదు. ఒక పిల్లవాడి ఇంటి నుంచి అంచు వంకరపోయి అమ్ముడుపోని పెద్ద జంపఖానా ఒకటి తెప్పించి, వరండాలో పరిచి, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాను.

శ్రావణి చివరి బెంచీ పిల్ల. స్లిప్ టెస్టులో ఐదుకు ఒకటి దాటేది కాదు. కొన్నిసార్లు ఒక ప్రశ్నకు ఇంకో ప్రశ్న జవాబు రాసేది. తరగతిలో ఆమెను మొద్దు అనేవారు. సెప్టెంబరులో వాళ్లమ్మ వచ్చి, దసరా సెలవుల తర్వాత పిల్లను పంపబోమని, ఇంట్లో మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి మనిషి కావాలని చెప్పి వెళ్లింది. చదువు రాని పిల్లకు బడెందుకన్నది తండ్రి మాట. సెలవులకు ఇంకా రెండు వారాలున్నాయి.

ఆ వారం చర్చకు అంశం: మన బజారుకు చేతిమగ్గం మేలా, సాంచా మేలా? సాంచా అంటే కరెంటుతో నడిచే మగ్గం. రెండు పక్షాలూ సొంత ఇంటి గొడవలాగే పట్టుకున్నాయి. మధ్యలో శ్రావణి చెయ్యెత్తింది. ముందు మాట్లాడిన నవీన్ అన్నదాన్ని వాడికంటే పొందికగా చెప్పి, తన మాట అన్నది.

"సాంచా మీద బట్ట ఎక్కువ దిగుతది మేడం. కని మా నాయిన మాట్లాడుడు మర్శిపోయిండు. సాంచా బందయినంక సుత మాట్లాడడు."

ఆమెకు ఐదుకు ఐదు వేశాను. పరీక్షలో ఒకటి, చర్చలో ఐదు. ఒకే పిల్లకు, ఒకే పాఠంలో. ఆ తేడా నాకు కొరుకుడు పడలేదు.

మరుసటి చర్చలో రజియా మాట్లాడింది. బిడియం వల్ల ఆమె నోట్‌బుక్కును ముఖానికి అడ్డం పెట్టుకుని చదివేది. తర్వాతి వంతు శ్రావణిది.

"రజియా, బుక్కు కిందికి దించి మళ్లొకసారి చెప్పవే," అన్నది.

నవీన్ ఊరుకోలేదు. "చెవులతోని ఇంటరా, కండ్లతోని ఇంటరా? బుక్కు నీకేం అడ్డమొచ్చిందే?"

అందరూ నవ్వారు. శ్రావణి కూడా నవ్వింది, కానీ అందరికంటే ఒక క్షణం ఆలస్యంగా, వాళ్ల ముఖాలు చూసి.

గంట కొట్టాక రజియా, శ్రావణి చెరో కొన పట్టుకుని జంపఖానా మడుస్తున్నారు. నేను శ్రావణి వెనక నిలబడి మామూలు గొంతుతో పేరు పెట్టి పిలిచాను. ఎదురుగా ఉన్న రజియా నా వైపు చూసింది. ఆ చూపు పట్టుకుని అప్పుడు తిరిగింది శ్రావణి.

మర్నాడు తల్లిని పిలిపించి, పిల్లకు సరిగా వినపడటం లేదన్నాను. ఆమెకు కోపమే వచ్చింది.

"మా ఇంట్ల పొద్దందాక సాంచాలు నడుస్తయి మేడం. చెవులతోని ఎవలింటరు? అందరం మూతులు సూసుకునుడే, చేతులు ఊపుడే. మా అందరికంటె ఇదే జల్ది సమజ్ చేస్కుంటది. దీనికి చెవుడని నేనెట్ల అనుకోవాలె?"

వాదించకుండా, వెనక నుంచి ఒకసారి పిలిచి చూడమన్నాను. ఆమె కూతురిని కిటికీ వైపు తిప్పి, జడ సవరిస్తూ, నెమ్మదిగా, "బిడ్డా, ఆకలైతాందా?" అన్నది. శ్రావణి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. తల్లి జడ వదల్లేదు. సరిగ్గానే ఉన్న జడను చాలాసేపు సవరించింది. తర్వాత నాతో, "వాళ్ల నాయినకు నేను చెప్పుకుంట. దవాఖానకు ఎప్పుడు తోల్కపోవాలె?" అన్నది.

చిన్నప్పుడు చీము కారి రెండు చెవులూ దెబ్బతిన్నాయని డాక్టరు చెప్పాడు. మందులిచ్చి, వినికిడి యంత్రం రాసిచ్చాడు. యంత్రం రావడానికి నెలలు పట్టింది. ఈలోగా శ్రావణిని మొదటి బెంచీకి మార్చి, ప్రశ్నలు చదవడం మాని బోర్డు మీద రాశాను. బోర్డు వైపు తిరిగి మాట్లాడటం మానేశాను. దసరా తర్వాత బడి తెరిచిన రోజు ఆమె వచ్చింది. తర్వాతి స్లిప్ టెస్టులో ఐదుకు నాలుగు. పదో తరగతి అక్కడే పాసైంది.

చర్చ ఎందుకని అడిగే కొత్త ఉపాధ్యాయులకు నేను ఈ సంగతే చెబుతాను. వరుసల్లో కూర్చున్న పిల్లలకు ముందువారి వీపులు, టీచరు గొంతు మాత్రమే అందుతాయి. ఆ గొంతు ఎవరికి అందలేదో టీచరుకు తెలిసే దారి తక్కువ. గుండ్రంగా కూర్చోబెట్టి, ఎదుటివారి మాటను తిరిగి చెప్పమంటే, ఎవరికి ఎంత అందిందో ఒక్క పీరియడ్‌లో బయటపడుతుంది. అంశం ఏదైనా సరే, ప్రతి పిల్లకూ మిగిలిన అందరి ముఖాలు కనిపిస్తున్నాయని చూసుకున్నాకే చర్చ మొదలుపెట్టాలి.