ఒకే బట్టీ, మూడు గ్లాసులు

నాలుకకు అధిదేవత అయిన వరుణునికీ, నాసికకు అధిదేవతలైన అశ్వినులకూ ముందుగా నమస్కరిస్తున్నాను. వారి విషయంలో నేను అపరాధిని గనుక, గణపతి కంటె ముందు వారినే తలచుకొన్నందుకు పెద్దలు మన్నింతురు గాక. శార్వరి నామ సంవత్సరం, పుష్య శుద్ధ పంచమి. ఊరు జంషెడ్‌పూర్. మరి రెండు రోజులలో క్రిస్మస్.

బొగ్గు తారును బట్టీ పట్టి బెంజాలు, నాఫ్తలీను తీసే ఒక కర్మాగారపు ప్రయోగశాలలో నేనప్పటికి పదేళ్లుగా రసాయన పరీక్షకుణ్ణి. మా పై అధికారి స్కాట్లండు దేశస్థుడు. పని విరమించి ఆ ఫిబ్రవరిలో స్వదేశానికి వెళ్లిపోనున్నాడు. వెళ్లేలోగా తన కుర్చీకి ఒకరి పేరు వ్రాసి మేనేజరుకు పంపవలసి ఉన్నది. ఆ కుర్చీకి అర్హులం ఇద్దరమే: నేనూ, నాకంటె ఆరేళ్లు చిన్నవాడైన మరొక తెలుగువాడూ.

అతడు శ్రీకాకుళం వైపు క్రైస్తవుడు. తండ్రి మిషను బడిలో ఉపాధ్యాయుడు. గోవింద్‌పూర్ నుండి సైకిలు మీద పనికి వచ్చేవాడు. నేను ఉదయమంతా నిలబడి అంకెలలో తేల్చే సంగతిని అతడు సీసా మూత తీసి, మూతి మీదుగా అరచేతిని ఒక్కసారి తన వైపు విసురుకొని చెప్పేసేవాడు. ఈ బెంజాలును ఆమ్లంతో సరిగా కడగలేదనో, ఈ పీపాలోకి నీరు దిగిందనో అనేవాడు. మధ్యాహ్నానికి నా అంకెలు అతని మాటకే సాక్ష్యం పలికేవి. దొర అతణ్ణి నలుగురిలోనూ ‘నా ముక్కు’ అని పిలిచేవాడు. నన్ను మాత్రం ‘మిస్టర్’ అనేవాడు.

ఆ పిలుపు నాకు నిప్పు తొక్కినట్లుండేది. పరిమళమంటే నలిపినప్పుడు పుట్టే గంధమనీ, ఆమోదమంటే దూరానికి ప్రాకే గంధమనీ బాల్యంలోనే మా తండ్రిగారి ముందు కూర్చుండి వల్లె వేసినవాణ్ణి. గంధానికి అన్ని పేర్లు నాకు తెలిసి ఉండగా గంధం అతనికి తెలియడమేమిటి? ఇంట్లో కళ్లు మూసుకొని ఇంగువ, మెంతులు, వాము డబ్బాల మూతలు ఒక్కొక్కటే తీసి అభ్యాసం మొదలుపెట్టాను. మూడోనాటికి నా భార్య పోపుల డబ్బా అటక ఎక్కించింది.

ఇట్లుండగా దొర అతణ్ణి ఆ పంచమి సాయంత్రం తన బంగళాకు రమ్మన్నట్లు విన్నాను. దొర పుట్టిన ఊరిలో ఒక విస్కీ బట్టీ ఉన్నదట. దొర అన్నగారు అక్కడ పీపాలు బిగించే పనివాడట. దొర ఏళ్లుగా దాచుకొన్న మూడు సీసాలు, మూడూ ఆ ఒక్క బట్టీవే, ఆనాడు విప్పుతాడట. ఎవరి ముక్కు ఎంతటిదో తేల్చి కుర్చీ ఇవ్వడానికే ఈ ఏర్పాటని నేను నిశ్చయించుకొన్నాను. ఒక్కరినే పిలిచి పరీక్ష ఏమిటన్న ప్రశ్న నాకు తోచనే లేదు. మా ఇంట ఏడు తరాలుగా మద్యం ముట్టినవారు లేరు. అయినా ఆ మధ్యాహ్నమే దొర గదిలోకి వెళ్లి, ఒకే బట్టీ సరుకును పోల్చి చూడడం రసాయన శాస్త్రంలో భాగమే గనుక నాకూ ఆసక్తి ఉన్నదని విన్నవించాను. ఆయన రమ్మన్నాడు.

వరండాలో బల్ల మీద నడుము వెడల్పు, మూతి సన్నం అయిన గ్లాసులు మా ఇద్దరి ముందూ మూడేసి ఉన్నాయి. దొర వివరించాడు. ఇది మొలకెత్తించిన బార్లీతో ఒకే బట్టీలో కాచినది, మరొక చోటి సరుకు కలపనిది. మూడింటికీ నీరు ఒకటే, గింజ ఒకటే, రాగి బాన ఒకటే. పీపాలో మ్రగ్గిన కాలం మాత్రం వేరు. చిన్నదాని నుండి పెద్దదాని వరకు వరుస చెప్పాలి.

ఒకటి ఎండుగడ్డి వంటి లేత రంగు. ఒకటి తేనె రంగు. ఒకటి చింతపండు పులుసంత ముదురు. రంగు చూడగానే నాకు జవాబు దొరికిపోయింది. తారు పనిలో పెరిగిన బుద్ధి నాది. ఎంత ముదిరితే అంత నలుపు. ఇక త్రాగడం లాంఛనమే అనుకొని ముదురు గ్లాసు ఎత్తాను.

పుట్టిన నాటి నుండి నేను ఏ పాత్రకూ పెదవి తాకించి ఎరుగను. చెంబైనా గ్లాసైనా మొగమెత్తి, జానెడు ఎత్తు నుండి ధారగా గొంతులో పోసుకోవడమే మా అలవాటు. అలాగే పోశాను. ఆ ధార నాలుకను గాని ముక్కును గాని పలకరించకుండా సూటిగా గొంతులో నిప్పై దిగింది. కళ్లు ధారలు కట్టాయి. పంతం కొద్దీ రెండవదీ అలాగే పోశాను.

అతడు మెల్లగా నా వైపు వంగాడు.

“ఏటండి పంతులుగారూ, అలగ ఎత్తి పోసీత్తే వాసనేటి తెలుత్తాది? గ్లాసు మీదే కదా, ఎవరి ఎంగిలండి? మూతి ఎట్టండి. ముందు ముక్కు ఎట్టండి.”

అతడు ఎగతాళిగా అన్నా నేను సహించి ఉండేవాణ్ణి. తరగతిలో ప్రక్కవానికి జవాబు అందించినట్లు, దొరకు వినబడకుండా అన్నాడు. నేను వినిపించుకోనట్లు మూడవదీ గొంతులో వంపి, కంఠం సవరించుకొని, ముదురుది ప్రౌఢమూ, తేనె రంగుది మధ్యమమూ, లేతది బాలమూ అని తీర్పు చెప్పాను. ఒక్కొక్కదానికి ఒక సంస్కృత విశేషణం కూడా జోడించాను. దొరకు అవి అర్థం కాలేదు. ఆ క్షణాన నాకూ కాలేదు.

అతడు త్రాగలేదు. వాళ్ల మిషనువారు మద్యం ముట్టనని చిన్ననాడే ప్రమాణం చేయించారట. గ్లాసును అరచేతిలో కాసేపు వెచ్చబెట్టి, ముక్కుకు అందించి, దింపాడు. రెండు చుక్కల నీళ్లు కలిపి మళ్లీ చూశాడు. చివరకు ఒక్కొక్కదాని నుండి ఒక చుక్క చేతిలో వేసుకొని, రెండు అరచేతులూ నలిపి, ఆరిన తరువాత వాసన చూశాడు. నలిపినప్పుడు పుట్టే గంధం. ఆ మాట నాకు ఏడవ ఏట వచ్చు. ఆ పని నా చేతులకు ఏనాడూ తోచలేదు.

“ఈ ముదురుదుంది చూసేరా, ఎండుద్రాచ్చ, బెల్లం పాకం. పైకంతా షోకే. కింద పచ్చి సారా కుర్రతనం పోనేదు,” అన్నాడు. తేనె రంగుదానిలో కాల్చిన మొక్కజొన్న కండె, నారింజ తొక్క ఉన్నాయన్నాడు. లేతదాని దగ్గర చాలాసేపు ఆగాడు. “ఇదండి పెద్దది. వాన ఎలిసేక మా ఊరి చర్చి గుడిలో పాత బల్లలుంటాయి చూడండి, ఆ వాసన. ఎంతసేపున్నా పోదు.”

రంగు మాట ఏమిటని నేనడిగాను. నా గొంతు నాకే కర్కశంగా వినిపించింది.

“రంగు సూసి వయసు సెప్పీత్తే మా మావయ్య ఇంకా పెళ్లికొడుకేనండి. వారం వారం జుత్తుకి రంగేత్తాడు.”

అతడు తన వరుసనూ, ఈ మాటనూ దొరకు ఇంగ్లీషులో చెప్పగానే ఆయన బల్ల చరిచి నవ్వాడు. తరువాత సీసాల మీది చీటీలు చూపించాడు. ముదురుది ఎనిమిదేళ్లది. ద్రాక్షసారా పోసిన స్పెయిను పీపాలో ఉన్నందున ఆ రంగు. లేతది ఇరవై ఏళ్లది. మూడుసార్లు వాడిన పాత పీపాలో ఉన్నందున రంగు పట్టలేదు. నా వరుస తల నుండి కాలి వరకు తిరగబడి ఉన్నది.

ఇంటికి వెళ్లగానే నా భార్య గుమ్మంలోనే ఆపి, ఏమిటీ వాసన అన్నది. ల్యాబులో స్పిరిటు ఒలికిందన్నాను. స్పిరిటుకు ఎండుద్రాక్ష వాసన ఎక్కడిదని అడిగింది. గడప అవతల నుండి ఆమెకు తెలిసినది, మింగిన నాకు తెలియలేదు.

మరునాటి ఉదయం మేనేజరు నన్ను పిలిపించాడు. ల్యాబులో శుద్ధమైన స్పిరిటు ఉండే బీరువా తాళంచెవి, కుర్చీలో కూర్చున్నవాని దగ్గరే ఉంటుంది. మేనేజరు నిష్ఠాపరుడు, జాగ్రత్తపరుడు. దొర ‘ముక్కు’ను గురించి తాను విన్నానని చెప్పి, అతనికి త్రాగుడు అలవాటున్నదా అని హిందీలో అడిగాడు. లేదు అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. దొర నవ్వు గుర్తుకు వచ్చింది.

“నిన్న సాయంత్రం దొరగారి బంగళాలో అతని ముందు మూడు గ్లాసులున్నాయి సార్, నేను చూశాను,” అన్నాను.

నా ముందు ఎన్ని ఉన్నాయో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు.

దొర అతని పేరే వ్రాసి పంపాడు. మేనేజరు ఆ కాగితాన్ని ప్రక్కన పెట్టాడు. పది రోజుల తరువాత అతడు నా బల్ల దగ్గరకు వచ్చి నిలబడ్డాడు.

“మేనేజరుగారు పిలిసి తాగుడు మానీమన్నారండి. ఏటి మానాలో తెలక ఊరుకున్నాను. మీరక్కడున్నారు కదా పంతులుగారూ. నేను ముట్టనేదని ఒక మాట సెప్పండి.”

చెబుతానన్నాను. మేనేజరు గది నా బల్లకు ఇరవై అడుగుల దూరం. ఆ వారమంతా రోజుకు రెండు మూడుసార్లు ఆ తలుపు ముందు నుండే నడిచాను. ప్రతిసారీ, అతడు సీసా మూత తీసి అరచేయి విసురుకొనే ఆ తీరు కంటి ముందు ఆడేది. అడుగు ముందుకే పడేది గాని తలుపు వైపు తిరిగేది కాదు.

1961 ఫిబ్రవరిలో దొర వెళ్లిపోయాడు. ఏప్రిల్ ఒకటవ తేదీన ఆ కుర్చీ నాకు ఇచ్చారు. అదే నెలలో అతణ్ణి యార్డులో బొగ్గు నమూనాలు ఎత్తే పనికి మార్చారు. 1964 జూన్‌లో అతడు రాజీనామా చేసి, కుటుంబంతో విశాఖపట్నం వెళ్లిపోయాడు.