బాబాయి చెక్కిన పిస్తోలు

పోయిన శనివారం అమెరికాలో, ఆష్‌బర్న్‌లో మా అమ్మాయి పక్కింటి బెంగాలీ దంపతులు తమ బేస్‌మెంట్‌లో కొత్త బెంగాలీ సినిమా వేసి మమ్మల్నీ పిలిచారు. కథానాయకుడు రెండు చేతులా తుపాకులు పేలుస్తూంటే మనుషులు రాలిపోతున్నారు, పిల్లలు నవ్వుతూ పాప్‌కార్న్ తింటున్నారు. నేను ఉలిక్కిపడటం చూసి మా అమ్మాయి, "అమ్మా, ఆర్ యూ ఓకే? వాల్యూమ్ తగ్గించమననా?" అంది. వద్దన్నాను. నా మనసు అప్పటికే కలకత్తా చేరుకుంది.

మాది ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం. కాలేజీ చదువుకని నన్ను కలకత్తాలో బాబాయి ఇంట ఉంచారు. పనితనమున్న వడ్రంగి కావడంతో బాబాయి అక్కడి స్టూడియోకి సినిమా సామాను చేసి ఇచ్చేవాడు. ఆనాటి బెంగాలీ సినిమాల్లో ఆయుధమంటే జమీందారు గోడమీది కత్తో, సొరుగులో దాచిన ఒక్క పిస్తోలో. అది బయటికి వచ్చిందంటే హాలంతా ఊపిరి బిగబట్టేది. అందుకే బాబాయి దాన్ని వారాల తరబడి టేకుతో చెక్కి, తేలికగా ఉంటే పట్టుకున్న చెయ్యి అబద్ధం చెబుతుందంటూ లోపల సీసం పోసేవాడు. నల్లరంగు మీద పెన్సిల్ పొడి రుద్ది ఇనుప మెరుపు తేవడం నా పని.

ఇంతలో డెబ్బయ్యో దశకం వచ్చి, నగరంలో విప్లవకారులకూ పోలీసులకూ మధ్య నిజం తుపాకులు పేలడం మొదలైంది. ఒక సాయంత్రం పిస్తోలు స్టూడియోకి తీసుకువెళుతూ బాబాయి ట్రాములో పోలీసుల సోదాకు చిక్కాడు. ఆ రోజుల్లో స్టేషన్ లోపలికి వెళ్ళినవాళ్ళందరూ తిరిగి రాలేదు. కబురు వినగానే నేను రంగు వేయని రెండో పిస్తోలు కొంగులో చుట్టుకుని స్టేషన్‌కు పరుగెత్తి, ఇన్‌స్పెక్టర్ బల్లమీద పెట్టాను. ఆయన రెండూ పక్కపక్కన చూసి, చాకుతో నల్లరంగు గీకాడు. లోపలి చెక్క బయటపడింది. బాబాయిని వదిలేశారు.

దారిలో బాబాయి, "నిజమైనదే అనుకున్నారే అమ్మాయీ! అంత బాగా కుదిరిందన్నమాట," అని నవ్వబోయి, నడిరోడ్డు మీదే ఏడ్చేశాడు. ఆ తరువాత పల్లకీలు చేశాడు, వీణలు చేశాడు, పిస్తోలు మాత్రం ఎవరడిగినా చెయ్యలేదు. కొన్నాళ్ళకు తేలికపాటి బొమ్మ తుపాకులు డజన్లకొద్దీ అద్దెకు దొరకసాగాయి, బాబాయిని అడిగేవారూ లేకపోయారు.

ఇప్పటి సినిమాలవాళ్ళను తప్పుపట్టను. వాళ్ళు చూసిన లోకం వేరు. కానీ మా కాలంలో వీధిలో తుపాకీ భయం ఉంటే, తెరమీదా ఉండేది. ఇప్పుడు మా మనవరాలు ఇక్కడి బడిలో తుపాకీ మోత వినిపిస్తే బల్ల కింద ఎలా దాక్కోవాలో నేర్చుకుని వస్తుంది. ఇంటికొచ్చి తెరమీద అదే మోత వింటూ హాయిగా నవ్వుతుంది. ఆ నవ్వు చూసి సంతోషించాలో, దిగులుపడాలో ఈ వయసులోనూ నాకు తెలియడం లేదు.