దిష్టి నాది, నింద రెడ్డెమ్మది

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదేమీ కాదు. దాని వల్ల ఒక ఆడమనిషి జైలు చూసింది. ఆమె పేరు రెడ్డెమ్మ. నా పేరు చెప్పను. పిరికిదనుకోండి, తప్పేం లేదు. నాకు ధైర్యమే ఉంటే మీకు చెప్పడానికి ఈ కథే ఉండేది కాదు.

మాది కోనసీమ. సౌదీలోని జిజాన్‌లో ఒక ఇంటికి పనికి వచ్చాను. ఇంటావిడను మామా అని పిలిచేవాళ్లం. ముందు ఇంటిపని చేశాను, ఆవిడకు లేకలేక ఆడపిల్ల పుట్టాక ఆ పిల్లను చూసుకోవడం నా పని అయింది. రెడ్డెమ్మది రాయచోటి దగ్గర పల్లె. నా తర్వాత రెండేళ్లకు వంటకు వచ్చింది. ఆమెకు అరబీ ఒక్క ముక్క రాదు. మామా చెప్పింది ఆమెకూ, ఆమె చెప్పింది మామాకూ నేనే చెప్పేదాన్ని. ఆ ఇంట్లో రెడ్డెమ్మకు నోరంటే నేనే.

ఒకసారి ఇంటికి చుట్టాలు చాలామంది వచ్చారు. అందరూ పాపను ఎత్తుకుని ముద్దులాడి వెళ్లారు. మర్నాటి నుంచి పాప పాలు ముట్టదు, ఏడుపు ఆపదు. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. పాప నాయనమ్మ ప్రార్థన చదివి, నీళ్లలో ఊది తాగించింది. చొక్కాకు నీలం పూస గుచ్చింది. "ఐన్" అంది. అంటే కన్ను, చెడ్డ కన్ను. మనకు తెలియని సంగతా అది?

నేను క్రిస్టియన్‌ని. దిష్టి తీయడం సైతాను పని అని మా పాస్టరుగారు చెప్పని ఆదివారం లేదు. ఆ ప్రసంగం విని ఇంటికొచ్చి మా అమ్మ మాకు దిష్టి తీసేది. పిల్ల అలా గుక్కపట్టి ఏడుస్తుంటే నా చేతులు ఊరుకోలేదు. రెడ్డెమ్మ నాలుగు ఎండుమిరపకాయలూ, గుప్పెడు ఉప్పూ ఇచ్చింది. దువ్వెనకు చిక్కిన పాప వెంట్రుకలు అందులో కలిపి, పాత గుడ్డలో పెట్టి, నల్లదారం చుట్టి ముడులు వేశాను. పాప చుట్టూ మూడుసార్లు తిప్పాను.

మన ఇంట్లో అయితే ఆ మూట పొయ్యిలో పడుతుంది, లేదా నాలుగు దారులు కలిసేచోటికి పోతుంది. అక్కడ ఎలా? ఏసీ తిరిగే మూసిన ఇల్లు. తాలింపులో ఒక్క మిరపకాయ మాడితేనే ఇంటిల్లిపాదీ దగ్గేవాళ్లు, మామా కేకలు వేసేది. గేటు దాటి వెళ్లే వీలు మాకు లేదు. చెత్త సంచి బయటికి పోయే రోజు అందులో వేద్దామని బియ్యం డబ్బా వెనక పెట్టాను. సాయంత్రానికి పాప పాలు తాగి హాయిగా పడుకుంది. ఆ సంతోషంలో మూట సంగతే మరిచిపోయాను.

వారం తర్వాత అది నాయనమ్మకు దొరికింది.

పిల్ల వెంట్రుకలు, దారానికి ముడులు. ఆ రెండూ ఒకచోట కనిపిస్తే అక్కడివాళ్లకు ఒకటే అర్థం. సిహర్. మన మాటలో చేతబడి. ఆవిడ పెట్టిన కేకకు ఇల్లంతా వంటింట్లో పోగైంది. మామా పాపను గుండెకు అదుముకుని, ఇది ఎవరిదని అడిగింది. చూపు మాత్రం రెడ్డెమ్మ మీదే ఉంది. వంటిల్లు రెడ్డెమ్మది. పైగా ఆమె పెట్టెలో దేవుడి పటం దాచుకుందని అందరికీ తెలుసు.

"ఏందక్కా, ఏమంటాండారు?" అంది రెడ్డెమ్మ.

"ఆ మూట ఎవరిదని అడుగుతున్నారే."

ఆమె నవ్వేసింది. "ఇంతేనా! బిడ్డకి దిష్టి తీసినామని చెప్పుక్కా. దాంట్లో తప్పేముండాది? ఆ ముసలామె పూస కట్టలేదా ఏంది?"

ఐన్ అనే మాట నా నాలుక చివరే ఉంది. కన్ను తగిలిందని నేనే తీశాను అంటే సరిపోయేది. నమ్మేవారో లేదో తెలియదు. నమ్మకపోతే పోవాల్సింది నేను. మరి నేనేం చెప్పానో తెలుసా?

"తనే చేశానంటోంది" అన్నాను.

"నీకు తెలుసా?" అంది మామా.

"నేను క్రిస్టియన్‌ని. మాలో ఇలాంటివి లేవు" అన్నాను. తడబడలేదు కూడా.

రెడ్డెమ్మ నా వైపు తిరిగి, "చెప్పినావా?" అంది.

"చెప్పాను" అన్నాను.

మధ్యాహ్నానికి పోలీసులు వచ్చారు. పొయ్యి మీద కూర చూడమని నాకు చెప్పి రెడ్డెమ్మ వాళ్ల వెంట వెళ్లింది. కొన్ని నెలలు జైల్లో ఉంచి, ఇక తిరిగి రాకుండా పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి ఊరికి పంపేశారని తర్వాత విన్నాను. ఎక్కడో ఒకచోట తెలుగు తెలిసిన మనిషి దొరికే ఉంటాడు, ఆమె నిజం చెప్పే ఉంటుంది, ఇవాళో రేపో నా కోసం వస్తారని గేటు వైపే చూస్తూ గడిపాను. ఎవరూ రాలేదు. ఆమె చెప్పలేదా? చెప్పినా ఎవరూ రాసుకోలేదా? నన్ను కాపాడిందా? నేను కాపాడదగిన దాన్నా? నేను ఆ ఇంట్లోనే ఇంకో నాలుగేళ్లు ఉన్నాను. పాప నన్ను అమ్మా అనేది.

నాకు మండిపోతుంది. పూస గుచ్చితే భక్తి, మిరపకాయ తిప్పితే చేతబడి! యజమాని చేస్తే మందు, పనిమనిషి చేస్తే మంత్రం! ఎవరు తేల్చారు ఇది? ఆ ముసలావిడను నిలదీయాలని ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ఆ కోపం చాటున నేను నక్కి ఉన్నానని నాకు తెలుసు. వాళ్లు తెలియక భయపడ్డారు. పిల్ల గురించి భయపడ్డారు. నాకు అన్నీ తెలుసు. తెలిసే చేశాను.

ఇప్పుడు సౌదీలోనే, యాన్బులో పనిచేస్తున్నాను. ఇక్కడ రెడ్డెమ్మ ఊరి మనిషి ఒకామె కలిసింది. ఆమె చెప్పింది విన్నాక నాకు కూడు సయించలేదు. సౌదీవాళ్లే పట్టుకున్నారంటే ఊరికే పట్టుకుంటారా అన్నారట ఊళ్లోవాళ్లు. ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా ఆమె గుమ్మం వైపే చూస్తారట. లారీకి నిమ్మకాయలు కట్టేవాళ్లు, గడపకు గుమ్మడికాయ వేలాడదీసేవాళ్లు, పసిబిడ్డ బుగ్గకు చుక్క పెట్టకుండా వీధిలోకి తేనివాళ్లు, వాళ్లా ఆమెను అనేది! రెడ్డెమ్మ కొడుక్కి బిడ్డ పుట్టాడట. కోడలు ఆ బిడ్డను ఆమె చేతికి ఇవ్వదట.

అది విన్నాక ఇక ఉండబట్టలేదు. నంబరు సంపాదించి పోయిన శుక్రవారం ఫోన్ చేశాను. ఎత్తింది కోడలే. మూట కట్టింది నేనని, దిష్టి తీసింది నేనని, మీ అత్త చెప్పిన మాటను మార్చి చెప్పింది నేనని, అన్నీ చెప్పాను. అంతా విని ఆ పిల్ల, "ఇన్నేండ్లు యాడుంటివి నువ్వు?" అని పెట్టేసింది.

నిజమే, ఎక్కడున్నాను? ఇక్కడే ఉన్నాను, మూడు పూటలా తింటూ. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు. రెడ్డెమ్మను క్షమించమని అడగను. ఆ బరువు కూడా ఆమె నెత్తినే పెట్టమంటారా? కానీ చెప్పాక, ఇన్నేళ్లలో మొదటిసారి నా నోరు నాకు అసహ్యమనిపించలేదు. ఆ మాత్రం దక్కింది, అబద్ధమెందుకు. మనవడిని ఆమె చేతికి ఇచ్చారో లేదో నాకు తెలియదు.