దొంగ రిఫరీ

అమెరికాలో మేముండే ఊరు కమ్మింగ్‌లో మా పక్కింటి పెద్దాయనకు తొంభై దాటాయి. యాభైల దశకంలో కాలేజీ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాడు. ఒక సీజన్లో ఆ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. చివరి మ్యాచ్‌లో గెలిపించే బంతిని తను మైదానం హద్దు గీత లోపలే కాలు పెట్టి పట్టుకున్నానని, దొంగ రిఫరీ బయట అన్నాడని ఆయన వాదన. మేం కొత్తగా దిగినప్పుడు నాతో అన్న మొదటి మాట కూడా అదే.

మొన్న ఆ మ్యాచ్ పాత రీలు దొరికితే, వీడియోగా మార్పించి తెమ్మన్నాడు. తెచ్చిచ్చి ఊరుకోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఫ్రేము ఫ్రేముగా ఆపి, జూమ్ చేసి, ఆయన బూటు చుట్టూ ఎర్ర సున్నా చుట్టాను. బూటు గీతకు జానెడు బయట ఉంది.

"ఆయన అడిగింది వీడియో అండీ, టెస్టింగ్ రిపోర్ట్ కాదు" అంది మా ఆవిడ. వినకుండా వెళ్లి చూపించాను.

ఆయన రెండుసార్లు చూశాడు. "ఈ గీత గీసినవాడు నాకు తెలుసు. తాగుబోతు వెధవ" అన్నాడు. తర్వాత నాకు తలుపు చూపించాడు.

ఇప్పుడు రిఫరీని తిట్టడం మానేశాడు. గీత గీసినవాణ్ణీ నన్నూ తిడుతున్నాడు. మా ఇద్దరిలో బతికున్నది నేనే కాబట్టి, ఎక్కువ వాటా నాకే వస్తోంది.