మాత్ర వేసుకోని రోజు

నేను ఫార్మకాలజీ వాణ్ణంటే శ్రీకాకుళంలో చాలామంది మందుల షాపు ఎక్కడని అడుగుతారు. షాపు లేదు, మెడికల్ కాలేజీలో పాఠం చెబుతానంటే కొంచెం జాలిపడతారు. మా రెండో సంవత్సరం పిల్లలకు బీపీ మందుల జాబితా నిద్రలో లేపినా వచ్చేది. మెలకువలో వస్తుందో లేదో నేనెప్పుడూ పరీక్షించలేదు.

ఒక ఏడాది ధైర్యం చేసి ప్రాక్టికల్స్‌ను ల్యాబ్ నుంచి మెడిసిన్ ఓపీకి మార్చాను. పని చిన్నదే. ఒక్కో విద్యార్థి ఒక్కో రోగి పక్కన కూర్చుని, మందుల సంచి విప్పించి, ఏది ఎప్పుడు వేసుకుంటున్నారో అడిగి రాసుకోవాలి. మెడిసిన్ డాక్టరుగారు "నా ఓపీ ఆలస్యం కాకపోతే చాలు" అని ఆశీర్వదించారు.

మొదటి వారమే భావనపాడు నుంచి ఒక ముసలామె వచ్చింది. వచ్చినప్పుడల్లా బీపీ ఎక్కువే. అప్పటికే రెండుసార్లు మోతాదు పెంచారు. ఇంటి దగ్గరేమో కళ్లు తిరిగి పడిపోతోంది. డాక్టరుగారు ఇంకో మందు రాయడానికి కలం తీశారు.

ఆమె పక్కన కూర్చున్నది ఇంటర్నల్స్‌లో నా సబ్జెక్టు తప్పిన అమ్మాయి. ఆ ఊళ్ల వైపు పిల్లే.

"ఇయేల మాత్ర ఏసుకున్నావేటి మామ్మా?"

"ఆస్పత్రికొచ్చిన రోజు ఎలా ఏసుకుంతానే? రగతం తీస్తారు, పరగడుపున రమ్మన్నారు కదా. మంచినీల్లు కూడా ముట్టలేదు."

"ఎప్పుడొచ్చినా అంతేనేటి?"

"అంతే. ఇంటికాడయితే ఒక్క పూటా మానను. పడిపోతన్నానంటే ఒక్కడూ నమ్మడు."

అమ్మాయి లేచి నిలబడింది. "సార్, మనం చూస్తున్నది మాత్ర వేసుకోని రోజు బీపీ. పెంచిన మందు వేసుకుంటున్నది మిగతా రోజులన్నీ."

డాక్టరుగారు కలం జేబులో పెట్టారు. అంతకుముందు ఆయన కలం జేబులో పెట్టడం నేను భోజనాల వేళే చూశాను. మోతాదు తగ్గించి, రక్తపరీక్ష ఉన్నా సరే గుక్కెడు నీళ్లతో బీపీ మాత్ర వేసుకునే రమ్మన్నారు.

పక్షం రోజుల తర్వాత ఆమె అలాగే వచ్చింది. బీపీ బుద్ధిగా ఉంది. మధ్యలో ఒక్కసారీ పడలేదట. "ఇవాళ మాత్ర వేసుకున్నారా?" అన్నది ఇప్పుడా ఓపీలో మొదటి ప్రశ్న. డాక్టరుగారు పుట్టినప్పటి నుంచీ అడుగుతున్నట్టే అడుగుతారు.

ఆ రోజు వెళ్తూ ముసలామె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేటి సేస్తావు బాబూ ఇక్కడ?"

"ఈ పిల్లలకు మందుల పాఠం చెబుతానమ్మా."

"అయితే నా మాత్రల సంగతి అడిగిన ఆ గుంట దగ్గిర నేర్సుకో. బాగా అడుగుతాది."

"నేర్చుకుంటున్నానమ్మా" అన్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి ఒక్కసారే చెప్పానని నా నమ్మకం. మా ఆవిడ నమ్మకం వేరు.