మేస్త్రి చూడని పైకప్పు

విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పఠనమందిరం పైకప్పుకు చెక్క అచ్చు బిగించిన మనిషి ఆ పైకప్పును ఒక్కసారీ చూడలేదు. సెంట్రింగ్ మేస్త్రుల పని తీరే అది. కాంక్రీటు గట్టిపడ్డాక పలకలు ఊడదీసేది వేరే ముఠా. అప్పటికి వీళ్లు మరో పునాది దగ్గర ఉంటారు. ద్వారం పక్కన శిలాఫలకం మీద పదకొండు పేర్లున్నాయి. సుత్తి పట్టినవాడి పేరు ఒక్కటీ లేదు.

సోమవారం నుంచి ఆ కాంక్రీటు కనబడకుండా, ధ్వనిని పీల్చే తెల్లని అట్టలు బిగిస్తారని న్యాయశాస్త్రం చదువుతున్న మేనకోడలు చెప్పింది. శనివారమే మేస్త్రి ఉతికిన చొక్కా తొడుక్కుని ఆమె వెంట వచ్చాడు.

"కార్డు లేనిదే వదలను," అన్నాడు కాపలాదారు.

"మీ గోడ మీద నిబంధనల్లో ఏడోది చదవన్నా. సభ్యురాలి వెంట వచ్చిన అతిథికి గంటసేపు ప్రవేశం. చొక్కా చూసి తేల్చమని ఎక్కడైనా రాశారా?"

కాపలాదారు గోడకేసి చూశాడు. "ఇన్నేళ్లలో దాన్ని చదివింది నువ్వొక్కదానివేనమ్మా. వెళ్లండి. పెద్దాయనా, లోపల చప్పుడు చెయ్యకు."

"సుత్తి ఇంట్లోనే పెట్టొచ్చాలే."

మెట్లెక్కుతూ మేస్త్రి అసలు భయం బయటపెట్టాడు. "పలక నున్నటి వైపు కాంక్రీటుకు తగిలేలా పెట్టడం మాకు అలవాటు. ఇక్కడేమో చెక్క గీతలు పడాలి, గరుకు వైపు పెట్టమన్నారు. ఒక్క పలక దగ్గర చెయ్యి పాత దారి పట్టింది. కాంక్రీటు పోశాక తట్టింది. పన్నెండేళ్లుగా గుండెల్లో రాయి. కప్పంతా పాడుచేశానేమోనే."

తలుపు తెరుచుకుంది. మూడంతస్తుల ఎత్తు. నలువైపులా పుస్తకాల అరలు అంతస్తు మీద అంతస్తుగా లేచిపోతున్నాయి. వందమంది కూర్చున్న చోట ఒక్క పుట తిప్పితే వినబడుతోంది. అన్నిటికీ పైన, కిటికీల ఏటవాలు వెలుగులో, ఆయన పేర్చిన ప్రతి పలకా తన గీతలతో, కణుపులతో సహా కాంక్రీటులో అచ్చుపడి నిలిచి ఉంది. ఇంతకాలం దాన్ని కాళ్లకింది చెక్కగానే ఎరిగిన మనిషి మెడ వెనక్కి వాల్చి ఊపిరి బిగబట్టాడు.

నడుమ ఒక్క చార మాత్రం నున్నగా మెరుస్తోంది.

"అదే," అన్నాడు మేస్త్రి వేలెత్తి చూపిస్తూ.

"అదా మామయ్యా? చేరిన రోజు నుంచీ నేను దాని కిందే కూర్చుంటున్నా. కావాలనే అలా పెట్టారనుకుంటాం అందరం."

"అనుకోనీ. ఎవరితోనూ అనకు."

"అందరితోనూ అంటాను. సోమవారం లోపు సంతకాలు పెట్టిస్తాను. దాన్ని ఎలా కప్పేస్తారో చూస్తా."

ఆయనకు ఆ మాట వినబడలేదు. ఏడో నిబంధన ఇచ్చిన గంటలో ఒక్క నిమిషమూ వదులుకోకుండా, తల దించకుండా అలాగే నిలబడ్డాడు.